పొగలో ఎదురొచ్చే మనిషి

పుంగనూరులో గంగులప్ప కారు తీస్తున్నాడంటే ఆ సందులో ఎవరికీ వేరే అలారం అక్కర్లేదు. ముందు ఇంజను దగ్గుతుంది, తర్వాత గొంతు సవరించుకుంటుంది, ఆ తర్వాత సందంతా పొగ కమ్ముకుంటుంది. ఎదురింటి వాళ్ళు ఆరేసిన బట్టలు లోపలికి లాక్కుంటారు. పక్కింటి ఎల్లమ్మ పాలగిన్నె మీద పళ్ళెం మూసి, "లేసినాడప్పా మారాజు" అంటుంది. ఆ పొగలో నుంచి, సందు మొదటి నుంచి, నీళ్ళ చెంబు పట్టుకుని, నుదుట రూపాయి కాసంత బొట్టుతో ఒక మనిషి నడిచి వస్తుంది. ఆమె రెడ్డెమ్మ, గంగులప్ప భార్య. మొగుడు పనికి బయలుదేరేటప్పుడు ముత్తైదువ ఎదురు రావాలి కాబట్టి వస్తుంది. ముక్కుకు కొంగు కూడా అడ్డం పెట్టుకోదు. ఎదురొచ్చే ఆడమనిషి మొహం దాచుకుంటే మంచిది కాదని వాళ్ళమ్మ చెప్పిందట. ఈ కథంతా ఆ నడక గురించే.

గంగులప్ప పుట్టుకతో కారు మనిషి కాదు. పుంగనూరు అవతల మెట్ట పల్లెలో వేరుశనగ వేసుకునే కుటుంబం వాళ్ళది. బోరు కింద కాస్త టమాటా పెట్టేవాళ్ళు. తొంభైల మొదట్లో ఆ బోరు ఎండిపోయింది. ఇంకొకటి వేయిస్తే రాతిపొడి లేచింది తప్ప చెమ్మ తగల్లేదు. పొలాన్ని అన్నకు వదిలేసి, గంగులప్ప మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలే లారీలో చేరి డ్రైవింగ్ నేర్చుకున్నాడు. స్టీరింగ్ చేతికి అలవాటయ్యాక అందరికీ కలిగే ఆశే అతనికీ కలిగింది, సొంత బండి ఉంటే బాగుండునని.

దానికోసం కుప్పం పోయి అంజినప్పను కలిశాడు. అంజినప్ప పాత కార్ల బ్రోకరు. బెంగుళూరులో ముసలివైపోయిన కార్లను తెచ్చి, రైలు పట్టాల పక్కన ఖాళీ జాగాలో నిలబెట్టి, పైన రంగు పూసి మన వైపు వాళ్ళకు అంటగట్టడం అతని వృత్తి. అబద్ధాలాడే మనిషి కాదు, అదే చిక్కు. గంగులప్పకు ఒక డీజిల్ అంబాసిడర్ చూపించి ఉన్నది ఉన్నట్టే చెప్పాడు.

"ఇంజను గట్టిది. పొగే రవ్వంత జాస్తి. బెంగుళూర్లో నిలబెట్టి ఫైనేస్తాండారు, అందుకే ఈ రేటుకు వచ్చింది" అన్నాడు.

"మరి మన పక్క?" అన్నాడు గంగులప్ప.

"మన పక్క పొగ ఎవుడు సూస్తాడప్పా? వాళ్ళకు గాలి లేదు, అందుకని యాతన. మనకు గాలి జాస్తి కదా!"

ఆ మాట గంగులప్పకు నచ్చింది. గాలి మీద పన్ను లేని ఊళ్ళో పుట్టినందుకు సంతోషించి, తొంభై ఆరులో ఆ కారును పుంగనూరు తోలుకొచ్చాడు. అప్పటికే సందు చివర, దారి ఆగిపోయేచోట, చిన్న ఇల్లు బాడుగకు తీసుకున్నారు. సందు ఎంత ఇరుకంటే కారు పట్టాక ఇరుపక్కలా ఒక మనిషి ఒరుసుకుని పోగలడు, అంతే. తిప్పుకోవడానికి చోటు లేదు. లారీ అలవాటు కొద్దీ గంగులప్ప కారును రివర్సులో లోపలికి తేబోయాడు. అప్పుడే హారతి పళ్ళెంతో బయటికొచ్చిన రెడ్డెమ్మ గాభరాగా చెయ్యి అడ్డం పెట్టింది.

"యాడన్నా లచ్చిమి వీపు పెట్టి ఇంట్లోకి వస్తాదా మామా? మొగం పెట్టి రానీ."

ఆమె అతని మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ అతన్ని దబాయించడం ఆమెకు అలవాటు, లోబడటం అతనికి అలవాటు. నవ్వుతూ మళ్ళీ రోడ్డు మీదికి పోయి, తిప్పుకుని, కారును ముఖం పెట్టించి లోపలికి తెచ్చాడు. అది లక్ష్మికి మర్యాదే. కానీ ముఖం పెట్టి లోపలికొచ్చిన కారు పొద్దున్నే వెనక్కి నడుస్తూ బయటికి పోవాలి. అది పోయే దిక్కు నుంచే కదా ముత్తైదువ ఎదురు రావాలి! కాబట్టి రెడ్డెమ్మ చెంబు తీసుకుని ముందే సందు మొదటికి పోయి, అక్కడి నుంచి కారు వెనక వైపుకు, అంటే నేరుగా పొగగొట్టానికి ఎదురుగా, నడిచి వచ్చేది. గోడను ఒరుసుకుంటూ ముందుకొచ్చి, ముందు చక్రం మీద నీళ్ళు పోసి, మొగుడికి బొట్టు పెట్టి, "పోయిరా" అనేది. ఇందులో తప్పేముందో ఆ వీధిలో ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే వీధంతా మెచ్చుకునేది.

కారు నిలదొక్కుకుంది. మదనపల్లెకూ పుంగనూరుకూ మధ్య సర్వీసు తోలేవాడు. ఐదుగురు కూర్చునే చోట తొమ్మిది మందిని కుక్కి, పదో మనిషికి డోరు పట్టుకునే అవకాశం ఇచ్చేవాడు. రెండో ఏడు రెడ్డెమ్మ వాల్మీకిపురంలో అక్క ఇంటి శుభకార్యానికి పోయింది. ఆ పొద్దున గంగులప్పకు ఎవరూ ఎదురు రాలేదు. మదనపల్లె దారిలో ఎద్దుల బండిని తప్పించబోయి కారు గుంతలో పడింది. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు గానీ గంగులప్ప కుడిచెయ్యి విరిగింది. అది అతుక్కున్నా మునుపటి పట్టు రాలేదు. ఇక పార పట్టే పని అతని వల్ల కాదని తేలిపోయింది.

అప్పటి నుంచీ రెడ్డెమ్మ పుట్టింటి మొహం చూడలేదు. పెళ్ళిళ్ళకు పోయినా మొగుడి కారులోనే పోయి సాయంత్రానికి తిరిగొచ్చేది. జ్వరం వచ్చినా లేచేది. గంగులప్ప కూడా భయం పట్టుకుని, ఆమె ఎదురు రానిదే ఇంటి దగ్గర గేరు వేసేవాడు కాదు. బ్యాటరీ బలహీనం, ఇంజను ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. అందుకని ఆమె వచ్చేదాకా యాక్సిలరేటర్ తొక్కుతూ కూర్చునేవాడు.

గంగులప్ప బాగుపడ్డాడని చూసి వీధిలో ఇంకొకరు కుప్పం పోయారు. ఆయన్ని చూసి మరొకరు పోయారు. అంజినప్ప అందరికీ అదే మాట చెప్పాడు, అందరికీ అది నచ్చింది. రెండువేల సంవత్సరం వచ్చేసరికి సందు మొదట్లో సర్వీసు కార్ల స్టాండే వెలిసింది. అన్నీ బెంగుళూరు వద్దన్నవే. వాటికి దారి చూపిన పెద్దమనిషిగా గంగులప్పకు టీ అంగడిలో మర్యాద దక్కేది.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. మొదట చలి అన్నారు. తర్వాత దుమ్ము అన్నారు. మిరియాల కషాయం తాగింది, తమలపాకులో వాము పెట్టుకుని నమిలింది. దగ్గు రానురాను పిల్లికూతలాగా మారింది. బిందె ఎత్తితే ఆయాసం, రెండు మాటలు మాట్లాడితే ఆయాసం. నడక నెమ్మదించింది. ఆమె నెమ్మదిగా వచ్చేకొద్దీ గంగులప్ప ఇంజను ఎక్కువసేపు ఆన్‌లో పెట్టుకుని ఎదురుచూసేవాడు. ఆ పొగలో ఆమె నడక మరింత నెమ్మదించేది. అప్పుడు అందరికీ అది ప్రేమలాగే కనిపించింది. ప్రేమే కూడా.

మదనపల్లె పక్కన ఊపిరితిత్తుల రోగులకు పెద్దాసుపత్రి ఉంది. అక్కడి గాలి మంచిదని ఒకప్పుడు ఎక్కడెక్కడి వాళ్ళో రైళ్ళెక్కి వచ్చి పడుకున్న చోటది. ఆ గాలికి కూతవేటు దూరంలో పుట్టి పెరిగిన మనిషిని ఊపిరాడటం లేదని అక్కడికి తీసుకుపోవాల్సి వచ్చింది. గంగులప్ప కారును వాలులో ఆపి, చక్రం కింద రాయి పెట్టి, రెడ్డెమ్మను నడిపించుకుపోయాడు. క్షయ అంటారేమోనని ఇద్దరూ బిక్కచచ్చి కూర్చున్నారు. క్షయ కాదన్నాడు డాక్టరు. గంగులప్ప ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు.

"ఊపిరి గొట్టాలు దెబ్బతిన్నాయి. పొగ వల్ల ఇట్లా అవుతుంది. ఇంట్లో కట్టెల పొయ్యా?" అన్నాడు డాక్టరు.

"అవును సార్."

"నువ్వు బీడీ తాగుతావా?"

"అప్పుడప్పుడు సార్. మానేస్తాను."

"ఇల్లు రోడ్డు పక్కనా? బండ్లు ఎక్కువ తిరుగుతాయా?"

"లేదు సార్. లోపల సందు. మా సందులోకి బండ్లే రావు" అన్నాడు గంగులప్ప, కొంచెం గర్వంగానే.

అతను అబద్ధం చెప్పలేదు. తన కారు అతని లెక్కలో బండి కాదు. అది ఇంటి మనిషి, లక్ష్మి. దాన్ని బండ్ల కింద జమకట్టాలని అతనికి తోచనే లేదు. పక్కనున్న రెడ్డెమ్మకూ తోచలేదు. డాక్టరు తలూపి మందులు రాశాడు.

ఇంటికొచ్చి గంగులప్ప చేయగలిగినవన్నీ చేశాడు. బీడీ మానేశాడు. కట్టెల పొయ్యి పగలగొట్టి గ్యాసు తెచ్చాడు. సాంబ్రాణి వద్దన్నాడు. గోడలకు సున్నం కొట్టించాడు. ఎల్లమ్మ వాకిట్లో చెత్త తగలబెడితే పోట్లాడి మంటార్పించాడు. ఒక ఏడాది గడిచినా దగ్గు తగ్గలేదు. ఏం చేయాలో పాలుపోక దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు.

రెండువేల నాలుగులో కుప్పం నుంచి ఉషారాణి అనే లెక్చరర్ అతని కారు బాడుగకు మాట్లాడుకుంది. ఏ ఊళ్ళో కార్లు ఎంత పొగ వదులుతున్నాయో పరీక్షించే పని మీద ఉంది ఆమె. దగ్గర చిన్న మిషను, అందులో తెల్ల కాగితం బిళ్ళలు. ఆగి ఉన్న కార్ల యజమానులను బతిమాలి, పొగగొట్టంలో గొట్టం దూర్చి, పొగను ఆ బిళ్ళ గుండా పీల్పించేది. మదనపల్లెలో డాక్టర్ల కార్లు, వ్యాపారుల కార్లు చూశారు. చాలావరకు కొత్తవి, పెట్రోలువి. బిళ్ళ మీద బూడిద మరక పడింది, అంతే. కుప్పంలో సగం సగం. పుంగనూరు స్టాండులో పెడితే ప్రతి బిళ్ళా కాటుకైపోయింది.

"మా ఊరే ఇంత చెడ్డదా మేడం?" అన్నాడు గంగులప్ప చిన్నబుచ్చుకుని.

"ఊరు కాదప్పా, ఊళ్ళో ఉండే కార్లు. మొత్తం పొగ అంటే బెంగుళూరుదే జాస్తి, ఆడ లక్షల కార్లుండాయి. కానీ ఒక్కో కారును చూస్తే మీ ఊరిదే ముందుంది. వాళ్ళు వద్దని తోసేసినవన్నీ ఈడికే వచ్చి చేరినాయి కదా. పైగా మదనపల్లెలో రోడ్లు వెడల్పు, పొగ చెదిరిపోతుంది. ఇరుకు సందుల్లో పోవడానికి దానికి దారుండదు. ఆడే నిలబడిపోతుంది" అందామె.

ఆమెను కుప్పంలో దింపి ఆ రాత్రికి అక్కడే ఆగాడు. మరుసటి పొద్దున, రాత్రంతా చలికి ఆరుబయట నిలబడిన తన కారుకూ పరీక్ష పెట్టమన్నాడు. మంచి పేరు వస్తుందన్న ఆశ కాదు, ఊరికే సరదా. ఇంజను దగ్గింది, గొంతు సవరించుకుంది. ఉషారాణి బిళ్ళ తీసి చూసి, చేతికంటిన మసి తుడుచుకుంది.

"చల్లటి ఇంజను అన్నిటికంటే చెడ్డది గంగులప్పా. పొద్దున కారు తీసేటప్పుడు వెనకాల మనుషులు లేకుండా చూసుకో" అంది మామూలుగా, ఇంకో మాటలాగా. ఆ మాట ఎవరికి తగిలిందో ఆమెకు తెలియదు.

వెంకటగిరికోట మీదుగా తిరిగి వస్తూ ఉంటే ఆ మాటే గంగులప్ప మెదడులో తిరిగింది. 'మా సందులోకి బండ్లే రావు సార్' అని తను చెప్పిన జవాబు గుర్తొచ్చింది. పొయ్యి పగలగొట్టాడు, సాంబ్రాణి ఆపాడు, ఎల్లమ్మను తిట్టాడు. తొలి నుంచీ పొగ పెట్టింది తనే. దారిలో ఒకచోట కారు ఆపి, దిగి, వెనక్కి పోయి ఆ గొట్టాన్ని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాడు.

ఆ సాయంత్రం కారును రివర్సులో సందులోకి తెచ్చాడు. చప్పుడు తేడా విని రెడ్డెమ్మ గోడ పట్టుకుని బయటికొచ్చింది. ఇంటివైపు తిరిగి ఉన్న కారు వీపును చూసి ఆమె మొహం పాలిపోయింది.

"ఏమైంది మామా నీకు? యాల ఇట్ల పెట్టినావు?"

"ఇంకమీదట ఇట్లనే. పొద్దున నువ్వు బయటికి రావద్దు. నీ దగ్గు ఈ కారు వల్లనేమ్మే. నేనే పెట్టినా నీకు ఆ పొగ."

అతను వివరంగా చెప్పాడు. ఆమె అంతా విన్నది. కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"నీ చెయ్యి విరిగిన పొద్దు నేను ఈడ లేను. నాకు దగ్గొస్తే మందుండాది. నీకేమన్నా అయితే యాడుండాది మామా మందు? మళ్ళించు. మొగం పెట్టు."

"నేను మళ్ళించనుమ్మే."

ఆమె వాకిట్లో నేల మీద కూర్చుంది, అన్నం ముట్టనంది, దగ్గుతూనే ఉంది. దగ్గి దగ్గి గోడకు తల ఆనించింది. చీకటి పడకముందే గంగులప్ప లేచి కారును మళ్ళించాడు. మేనమామ కూతురి ముందు ఏనాడూ నెగ్గని మనిషి, ఆ రోజు మాత్రం ఎట్లా నెగ్గుతాడు?

తెల్లారి ఇంకో ఉపాయం చేశాడు. ఇంజను ఆన్ చేయకుండా కారును సందు మొదటిదాకా వెనక్కి తోశాడు. ఒంటిచేత్తో కాని పని, వీధివాళ్ళు కొన్నాళ్ళు చెయ్యేశారు. తర్వాత ఒకరికి నడుం నొప్పి, ఇంకొకరికి పొలం పని. తోసి ప్రయోజనమూ లేకపోయింది. రోడ్డు మీద తన కారు ఊరుకున్నా, స్టాండులో ఉన్నవి ఊరుకోవు. అవన్నీ ఇంజన్లు వేడి చేసుకుంటూ నిలబడి ఉంటాయి. రెడ్డెమ్మ వాటి మధ్య నుంచే చెంబుతో వచ్చేది. పల్లెకు పోదామంటే అక్కడ అన్న పిల్లలే పనికి బెంగుళూరు పోతున్నారు. వీళ్ళు పోయి ఏం తింటారు?

చివరికి ఆ కారును అమ్మేద్దామని గంగులప్ప కుప్పం తోలుకుపోయాడు. మనిషి ఆస్తి అమ్ముకోవడం వేరు, విషమని తెలిసి అమ్మడం వేరు. రెండో సంగతి అతన్ని దారి పొడుగునా పీక్కు తిన్నది. అయినా రెడ్డెమ్మ మందులకు వేరే దారి లేదు.

"శాంతిపురం పక్క అడుగుతాండారు. ఆడ ఇంకా గాలి జాస్తి" అన్నాడు అంజినప్ప, బానెట్ తట్టి.

"కొనేవానికి ఒక మాట చెప్పు అంజినప్పా. ఇంట్లోకి రివర్సులో పెట్టమని చెప్పు. పెండ్లాన్ని వెనకాల నిలబడనీయొద్దని చెప్పు."

అంజినప్ప పకపకా నవ్వాడు. "లచ్చిమిని రివర్సులో ఎవుడు తెస్తాడప్పా?"

గంగులప్ప బస్సులో తిరిగొచ్చాడు. ఖాళీ వాకిలి చూసి రెడ్డెమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది గానీ తిట్టలేదు. పది రోజులు పని వెతికాడు. విరిగిన చేతికి బరువు పని ఎవరూ ఇవ్వలేదు, అతనికి వచ్చిన విద్యేమో ఒక్కటే. ఆఖరికి స్టాండులోనే, తనను చూసి కారు కొన్న మనిషి దగ్గర, జీతానికి డ్రైవరుగా చేరాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పి, "నువ్వు రోడ్డు మీదికి రావద్దుమ్మే, నా మీద ఒట్టు" అన్నాడు. ఆమె లేచి చెంబు తోమి బోర్లించింది.

మొదటి రోజు పొద్దున కారు వరసలో మధ్యన ఉంది. జనం ఎక్కారు. గంగులప్ప తాళం మీద చెయ్యి వేసి, సందు వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. రెడ్డెమ్మ వస్తోంది. రెండుచోట్ల గోడ పట్టుకుని ఆగింది. చెంబులో నీళ్ళు చీర మీద ఒలికాయి. ముందున్న కారు స్టార్టయి ఆమె మొహం మీదే పొగ వదిలింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. నేరుగా నడిచొచ్చి ముందు చక్రం మీద మిగిలిన నీళ్ళు పోసింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి అతనికి బొట్టు పెట్టింది.

"పో మామా" అంది. ఇంకేదో అనబోయింది గానీ దగ్గు వచ్చింది.

"నువ్వు ముందు లోపలికి పోమ్మే. నువ్వు పోతే నేను కదిలిస్తా."

ఆమె తల అడ్డంగా ఊపి, వెనక్కి నడిచి, కారు తోకకు దగ్గరగా సందు మొగలో నిలబడింది. మొగుడు కనుమరుగయ్యేదాకా ముత్తైదువ వీపు తిప్పకూడదు. ఆమె పోతుందని అతను చూస్తున్నాడు, అతను పోతాడని ఆమె చూస్తోంది. చేయి ఊపి పొమ్మన్నాడు. ఆమె కూడా చేయి ఊపి పొమ్మంది.

"ఏమప్పా, తీస్తావా లేదా? మాకు టైమవుతాంది" అన్నారు వెనక సీట్లో వాళ్ళు. వరసలో వెనకున్న కారు హారన్ కొట్టింది.

గంగులప్ప తాళం తిప్పాడు.